అక్షరదోషాలు తగ్గాలంటే మాట పుట్టుక చెప్పాలి: 3, 4, 5 తరగతుల తెలుగు సాధనకు సమగ్ర మార్గదర్శి

నాలుగో తరగతి నోటుబుక్కులో "మద్యాన్నం బోజనం బాగుంది" అని కనిపిస్తే ఎర్ర సిరాతో రెండు గీతలు కొట్టి, "పదిసార్లు రాయి" అనడం మామూలే. పిల్లవాడు పదిసార్లు రాస్తాడు కూడా. ఎలా రాస్తాడో పక్కన నిలబడి చూడండి. పేజీ పై నుంచి కిందికి ముందు 'మ' పదిసార్లు, ఆ తర్వాత 'ధ్యా' పదిసార్లు, చివర 'హ్నం' పదిసార్లు. మాట రాయలేదు, ముక్కలు పేర్చాడు. మూడో వరసలో ఒక ఒత్తు జారిపోతే మిగతా ఏడూ అదే తప్పుతో దిగుతాయి.

తెలుగును చాలావరకు పలికినట్టే రాస్తాం. అందుకే మన పిల్లల తప్పులు ఎక్కడపడితే అక్కడ రావు. చెవికి తేడా అందని కొద్ది చోట్లే వస్తాయి: ఖ, ఛ, ఠ, ధ, భ లాంటి ఒత్తక్షరాలు, శ-ష-స, ణ-న, వట్రసుడి, హకారం కింది ఒత్తులు. ఈ చోట్ల చెవి చెప్పలేనిది మాట పుట్టుక చెబుతుంది. కాబట్టి రాత ఒక పాఠం, తత్సమ తద్భవాలు (సంస్కృతం నుంచి ఉన్నదున్నట్టు వచ్చిన మాటలు, మారి వచ్చిన మాటలు) మరో పాఠం, ఉపసర్గలు (మాట ముందు చేరి అర్థాన్ని మార్చే ముక్కలు) ఇంకో పాఠం అని విడగొట్టకుండా మూడింటినీ కలిపి నేర్పాలి. సర్వనామాల సంగతి వేరు, అక్కడ చిక్కు అక్షరాలది కాదు. దానికి వారంలో ఒక రోజు విడిగా పెట్టుకోవాలి.

ఇక్కడ చెప్పేది విజయవాడ, గుంటూరు బడుల్లో తెలుగు చెప్పేవాళ్ళకూ, ఇంట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకునే అమ్మానాన్నలకూ పనికొస్తుంది. రోజుకు 20 నిమిషాలు చాలు. కావలసిన సామాను: ఒక చార్టు, 5 ఏ4 అట్టలు, పిల్లకొక 40 పేజీల నోటుబుక్కు.

మొదటి పని: ఎవరికి ఏ తప్పు వస్తోందో తేల్చుకోవడం

పాఠం మొదలుపెట్టకముందే ఈ 20 మాటలు డిక్టేషన్ చెప్పండి:

నెల, మేడ, దోర, భోజనం, పాఠం, విద్యార్థి, ఆశ, భాష, పుస్తకం, శిష్యుడు, కారణం, దర్శనం, కాళ్ళు, మధ్యాహ్నం, చిహ్నం, కృష్ణ, క్రిమి, ఎవరు, ఒకటి, ఇల్లు.

ఒక్కో మాటను ఒకసారి విడిగా పలకండి, తర్వాత చిన్న వాక్యంలో పెట్టి చెప్పండి, మళ్ళీ విడిగా పలకండి. రాయడానికి 10 నుంచి 15 సెకన్లు ఇవ్వండి. 'భో' దగ్గర ఊపిరి బిగబట్టి వత్తి పలకొద్దు. మామూలుగా మాట్లాడేటప్పుడు ఎలా అంటామో అలాగే అనండి. లేకపోతే పిల్లలకు ఏం గుర్తుందో తెలియదు, మీ గొంతు ఎంత స్పష్టంగా ఉందో తెలుస్తుంది.

దిద్దాక మార్కులు వేయకండి. ఒక కాగితం మీద ఆరు గళ్ళు గీయండి: దీర్ఘం, ఒత్తక్షరం, శ-ష-స, ణ-ళ, హ ఒత్తు-వట్రసుడి, మొదటి అచ్చు. ఎవరిది ఏ తప్పో ఆ గడిలో పేరు రాయండి. ఒక గడిలో సగం మందికి పైగా పేర్లుంటే అది తరగతి మొత్తానికీ చెప్పాల్సిన పాఠం. ముగ్గురో నలుగురో ఉంటే వాళ్ళను విడిగా కూర్చోబెడితే సరిపోతుంది.

ఆఖరి గడి గురించి ఒక మాట. మన వైపు నోట 'యెవరు', 'వొకటి', 'యిల్లు' అనే వస్తుంది. పిల్లలు అదే రాస్తారు. ఇది బద్ధకం కాదు, విన్నది విన్నట్టు రాయడమే. నిఘంటువు తెరిచి 'ఎవరు' అనే మాట ఎ దగ్గర ఉందా, య దగ్గర ఉందా అని వాళ్ళతోనే వెతికిస్తే రెండు మూడు రోజుల్లో కుదురుకుంటుంది.

ఏవి తప్పులుగా లెక్కపెట్టకూడదో కూడా ముందే అనుకోండి. పెళ్ళి-పెళ్లి, వాళ్ళు-వాళ్లు, రాయడం-వ్రాయడం, చెయ్యి-చేయి రెండూ వాడుకలో ఉన్నాయి. బడిలో అందరూ పాఠ్యపుస్తకంలో ఉన్న రూపాన్నే పట్టుకోవాలి కానీ, రెండోది రాసిన పిల్లకు మార్కు కొట్టేయడం న్యాయం కాదు. తాతయ్యల కాలం పుస్తకాల్లోని అరసున్నలు, బండి ఱ చూసి ఎవరైనా అడిగితే చెప్పండి, సాధనలోకి మాత్రం తేవద్దు.

రెండో పని: మాటలకు నాలుగు సంచులు

చార్టు మీద నాలుగు కాగితపు సంచులు అతికించండి. వాటి మీద తత్సమం, తద్భవం, అచ్చ తెలుగు, పరాయి మాట అని రాయండి. బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరి తెలుగు మాటలకు చెప్పిన నాలుగు భాగాల్లో నాలుగోది గ్రామ్యం, అంటే వ్యాకరణ నియమాలకు లొంగని మాట. ఈ తరగతులకు దానితో పని లేదు, దాని చోట పరాయి మాటలు పెట్టుకుందాం. ఒక్కో ఏ4 అట్టను 8 ముక్కలు చేస్తే మొత్తం 40 కార్డులు వస్తాయి. ముందువైపు మాట, వెనకవైపు పెన్సిలుతో సంచి పేరు రాయండి. స్కెచ్ పెన్నుతో రాస్తే అట్ట పలచనైనప్పుడు జవాబు ఇవతలికి కనిపిస్తుంది.

మూడో తరగతికి రెండు సంచులు చాలు: ఇంటి మాట, సంస్కృతం నుంచి వచ్చిన మాట. నాలుగులో పరాయి సంచి, ఐదులో తద్భవాల సంచి కలపండి. నాలుగూ ఒకేసారి ఇస్తే పిల్లలు ఊహించడం మొదలుపెడతారు, ఆలోచించడం మానేస్తారు.

ఇంటి మాట ఏదో, సంస్కృతం మాట ఏదో పిల్లలకు ఎలా తెలుస్తుంది? జంటలు ఇవ్వండి: ఇల్లు-గృహం, చెట్టు-వృక్షం, నీరు-జలం, నిప్పు-అగ్ని, నెత్తురు-రక్తం, కన్ను-నేత్రం, చెయ్యి-హస్తం. అమ్మమ్మ నోట వచ్చేది ఒకటి, పుస్తకంలో కనిపించేది ఇంకొకటి. ప్రతిసారీ ఇంత తేలిగ్గా తేలదు కానీ, పదింట ఏడెనిమిది మాటలు ఈ దారినే సంచిలో పడతాయి.

ఇప్పుడు రాతకు పనికొచ్చే సూత్రం: అచ్చ తెలుగు మాటల్లో ఒత్తక్షరాలు, శ, ష దాదాపుగా ఉండవు. కాలు, గోడ, ఆవు, దూడ, ఆకు, వాన, మిరప, పలుగు - ఒక్కదానిలోనైనా ధ కానీ భ కానీ ఉందేమో చూడమనండి. ఇంటి మాట అని తేలితే ఒత్తు పెట్టాలా వద్దా అనే బెంగే లేదు. దీనికి ఎదురు నిలిచేవి అంకెలు: నలభై, యాభై, ఎనభై, తొంభై. పాత రూపాలు నలుబది, ఏబది, ఎనుబది, తొంబది. 'బది' కాస్తా 'భై' అయింది. ఈ నాలుగింటినీ చార్టు మూల విడిగా రాసి పెట్టండి.

తత్సమాల సంచిలో పడ్డ మాట దగ్గర మాత్రం ఆగాలి. ఇక్కడ ఒత్తక్షరం ఉండొచ్చు, లేకపోవచ్చు. ఒత్తులు నేర్పిన కొత్తలో పిల్లలు అతిగా పెడతారు: భాధ, భంధువు, విధ్య, ధన్యవాధాలు. ఇది ముందడుగే, కంగారు పడొద్దు. దీనికీ ఒక సూత్రం ఉంది. ఒకే తత్సమంలో వెంటవెంటనే రెండు ఒత్తక్షరాలు రావడం అరుదు. బాధ, బంధువు, బుద్ధి, బోధన - వెనక ధ ఉంది కాబట్టి ముందు బ తేలిక. అభ్యర్థిలో రెండున్నాయి కదా అని చురుకైన పిల్ల అడుగుతుంది. అది అభి, అర్థి కలిసిన మాట, ఒక్కో ముక్కలో ఒక్కటే ఉంది.

థ-ధల గొడవ పెద్దవాళ్ళకూ తీరలేదు. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. విద్యార్థి, ప్రార్థన, పదార్థం మొదటి అర్థం వైపువి. అర్ధరాత్రి, అర్ధవృత్తం రెండోదాని వైపువి. 'సగం' అనే అర్థం వస్తే ధ, లేకపోతే థ అని చెబితే ఐదో తరగతి పిల్లలు తప్పకుండా పట్టుకుంటారు.

పరాయి సంచి పిల్లలకు బాగా సరదా. ఖాళీ, ఖర్చు, ఖరీదు, తారీఖు, జవాబు, కుర్చీ, హాజరు పారసీ, అరబ్బీల నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చాయి. మేస్త్రీ, ఇస్త్రీ, బొప్పాయి, అనాస పోర్చుగీసువారి దగ్గర నుంచి. లాంతరు, ఆసుపత్రి, రైలు, పెన్సిలు ఇంగ్లీషు నుంచి. ఉర్దూ దారిన వచ్చిన వాటిలో కొన్నింట ఖ ఉంటుంది, అందుకే ఒత్తక్షరం చూడగానే సంస్కృతం అనుకోకూడదు. ఇంగ్లీషు నుంచి వచ్చిన పోస్టు, బస్టాండు, మాస్టారులో ట ముందు స రాస్తాం. కింద చెప్పబోయే ష నియమం వీటికి వర్తించదు.

తద్భవాలకు జాబితా బట్టీ పట్టించకండి, మార్పు ఎలా జరిగిందో చూపించండి. య జ అవుతుంది: యాత్ర-జాతర, యంత్రం-జంత్రం, యజ్ఞం-జన్నం. శ, ష రెండూ స అవుతాయి: ఆకాశం-ఆకసం, భాష-బాస, దోషం-దోసం. జంట హల్లుల్లో ఒకటి రెండోదాన్ని మింగేస్తుంది: అగ్ని-అగ్గి, భక్తి-బత్తి, పుణ్యం-పున్నెం. లేకపోతే మధ్యలో అచ్చు దూరుతుంది: రాత్రి-రాతిరి, నిద్ర-నిద్దుర, శ్రీ-సిరి. ఈ నాలుగు మార్పులూ తెలిస్తే సింహం-సింగం లాంటి కొత్త జంట ఎదురైనా పిల్లలు తికమక పడరు.

బోర్డులతో ఒక పాఠం

సిటీ బస్సు బోర్డులకు మించిన కార్డులు లేవు. విద్యాధరపురం, భవానీపురం, కృష్ణలంక, గుణదల, పటమట, ఇబ్రహీంపట్నం, మంగళగిరి, మొగల్రాజపురం. గుంటూరు వాళ్ళైతే బ్రాడీపేట, అరండల్‌పేట, కొత్తపేట, పట్నంబజారు. ఒక్కో పేరును ముక్కలు చేసి సంచుల్లో వేయించండి. ఇబ్రహీంపట్నంలో ఇబ్రహీం అరబ్బీ పేరు, పట్నం పట్టణానికి తద్భవం. భవానీపురంలో భ ఎందుకుంది, పటమటలో ఒక్క ఒత్తు కూడా ఎందుకు లేదు? బ్రాడీపేటలో ముందు ముక్క ఇంగ్లీషు పేరు, వెనక ముక్క మన పేట. మిర్చి యార్డు అనే పేరులో ఒక్క ముక్కా అచ్చ తెలుగు కాదు, లోపల అమ్మేవి మాత్రం మిరపకాయలు!

వీధుల్లో ఫ్లెక్సీలకు కొదవ లేదు కాబట్టి ఇంటిపని కూడా సిద్ధంగా ఉన్నట్టే. వారానికి ఒక ఫ్లెక్సీ తప్పు పట్టుకురమ్మనండి. 'శుబాకాంక్షలు', 'హార్ధిక', 'జన్మధిన' అనేవి దొరకడం ఖాయం. హార్దిక హృదయం నుంచి వచ్చింది, హృదయంలో ద ఉంది, ధ లేదు. ఈ ఒక్క తప్పు వివరిస్తే పుట్టుకకూ రాతకూ ఉన్న ముడి పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. ఫొటో అక్కర్లేదు, చూసింది చూసినట్టు నోటుబుక్కులో రాసుకొస్తే చాలు. ఫ్లెక్సీలోని మనుషుల పేర్లు రాయనివ్వకండి.

మూడో పని: శ-ష-స, ణ-న

ఇక్కడ తొందరపడకండి, రెండు వారాలు పెట్టండి.

ముందు నాలుక ఎక్కడుందో పిల్లల చేతే చెప్పించండి. చ అన్నప్పుడు నాలుక అంగిలికి తగులుతుంది, ట అన్నప్పుడు పైకి మడుచుకుంటుంది, త అన్నప్పుడు పళ్ళను తాకుతుంది. శ చ జట్టు, ష ట జట్టు, స త జట్టు. సంయుక్తాక్షరంలో ఎవరి జట్టు వాళ్ళతోనే ఉంటారు:

- చ, ఛ ముందు శ: నిశ్చయం, ఆశ్చర్యం, పశ్చిమం
- ట, ఠ, ణ ముందు ష: కష్టం, ఇష్టం, కనిష్ఠం, కృష్ణ, ఉష్ణం
- త, థ, న ముందు స: పుస్తకం, వస్తువు, స్థలం, స్నానం

'ప్రశ్న' ఈ జట్టులో ఇమడదు. దాన్ని విడిగా గుర్తుంచుకోవాలి.

ఐదో తరగతికి ఇంకొకటి చెప్పొచ్చు. క ముందు స రావాలా ష రావాలా? దాని ముందు అక్షరం చూడండి. అక్కడ ఇ కానీ ఉ కానీ ఉంటే ష్క: పరిష్కారం, ఆవిష్కరణ, బహిష్కారం, పుష్కరం. అ ఉంటే స్క: నమస్కారం, పురస్కారం, తిరస్కారం. 2016లో వచ్చిన కృష్ణా పుష్కరాలు పన్నెండేళ్ళ లెక్కన మళ్ళీ 2028లో వస్తాయి. అప్పటికి ఈ పిల్లలు బోర్డులు చదివి తప్పులు పట్టే వయసులో ఉంటారు.

సంయుక్తం కాని చోట్ల (ఆశ, భాష, దేశం, విషయం) ఏ నియమమూ లేదు. రోజుకు మూడు మాటల చొప్పున గుర్తుంచుకోవాల్సిందే. శిష్యుడు, విశేషం లాంటివాటిలో శ ముందు, ష తర్వాత వస్తాయి. శేషం, శోషణ, శీర్షిక కూడా ఇదే వరస. ఈ వరస గుర్తుంటే 'షిశ్యుడు' రాదు.

ణ విషయంలో సంస్కృతం ఒక అందమైన నియమం ఇచ్చింది. ఒకే మాటలో ఋ, ర, ష తర్వాత వచ్చే న ణగా మారుతుంది. కారణం, కిరణం, లక్షణం, భూషణం, గ్రహణం, సమర్పణ. మధ్యలో చ, ట, త వర్గాల అక్షరం కానీ, ల, శ, స కానీ అడ్డొస్తే మార్పు ఆగిపోతుంది. నల్లబల్ల మీద ఈ జంటలు ఎదురెదురుగా రాయండి:

రామాయణం - రసాయనం
వివరణ - ప్రకటన
ఆచరణ - రచన
నిర్వహణ - ప్రార్థన
రక్షణ - దర్శనం

ఎడమ వరసలో ర, ష తర్వాత దారి తెరిచి ఉంది. కుడి వరసలో అడ్డొచ్చిన అక్షరం చుట్టూ పిల్లల చేత సున్నా చుట్టించండి: స, ట, చ, థ, శ. రామాయణంలో మ, య అడ్డు కావు, రసాయనంలో స అడ్డు. అయిదు నిమిషాల పని ఇది. దీని తర్వాత 'ప్రకటణ', 'కారనం' లాంటివి బాగా తగ్గుతాయి.

ఇది ఒక్క మాటలోపలే పనిచేస్తుంది. రామనామం రెండు మాటల కూర్పు, అక్కడ న మారదు. గుణం, గణితం, వీణ, బాణం, కోణం, వాణి, పుణ్యం లాంటివాటిలో ణ పుట్టుకతోనే ఉంది. వాటిని పది మాటల జాబితాగా గోడకు తగిలించండి. ఇక ణ, ళ తెలుగు మాటకు మొదటి అక్షరంగా రావు. మొదట్లో ఉంటే ఎప్పుడూ న, ల మాత్రమే.

ళ కు బహువచనం మంచి దారి. ఇల్లు-ఇళ్ళు, ముల్లు-ముళ్ళు, కాలు-కాళ్ళు, ఊరు-ఊళ్ళు, గుడి-గుళ్ళు, కన్ను-కళ్ళు. ఒకటి ఉన్నప్పుడు ల, ర, డ, న్న ఏదైనా కావచ్చు, ఎక్కువైతే ళ్ళ. పిల్ల, పల్లె మాత్రం పిల్లలు, పల్లెలు అవుతాయి, ఎందుకంటే వాటి చివర అ, ఎ ఉన్నాయి.

మిగతా రెండూ త్వరగా అయిపోతాయి. హ కింద ఒత్తు ఉన్న మాటలను మనం తిరగేసి పలుకుతాం: మధ్యాన్హం, చిన్హం, బ్రమ్హ. రాతలో హ ఎప్పుడూ పైనే ఉంటుంది, న, మ, వ కింద ఒత్తుగా ఉంటాయి: మధ్యాహ్నం, చిహ్నం, బ్రహ్మ, ఆహ్వానం. వట్రసుడికి కృష్ణ, కృప, గృహం, మృగం, వృక్షం, హృదయం, దృష్టి, సృష్టి, ప్రకృతి, మాతృభాష - ఈ పదీ వస్తే ప్రాథమిక బడికి సరిపోతుంది. ఇంగ్లీషులో పేరు రాయడం అలవాటైన పిల్లలు 'క్రిష్ణ' అని రాస్తారు, ఆ తప్పు ఎక్కడ నుంచి వచ్చిందో చెప్పి దిద్దండి.

నాలుగో పని: ఉపసర్గలు

సంస్కృతంలో ఉపసర్గలు 22: ప్ర, పరా, అప, సం, అను, అవ, నిస్, నిర్, దుస్, దుర్, వి, ఆ, ని, అధి, అపి, అతి, సు, ఉత్, అభి, ప్రతి, పరి, ఉప. నాలుగో తరగతికి సు, దుర్, వి, ఉప, ప్ర ఇవ్వండి. ఐదుకు సం, పరి, అను, ఆ, నిర్, ఉత్ కలపండి. మిగతావి హైస్కూలులో చూసుకుంటారు.

'హారం'తో మొదలుపెట్టడం చాలామందికి అలవాటు: ఆహారం, విహారం, సంహారం, పరిహారం, ప్రహారం. చూడటానికి బాగుంటుంది కానీ, పిల్లలకు హారం అంటే మెడలో దండే. "ఆ+హారం అంటే ఏం దండ?" అని అడుగుతారు. అందుకే ముందు విడిగా అర్థమయ్యే మాటలు తీసుకోండి: గుణం - సుగుణం, దుర్గుణం, వాసన - సువాసన, దుర్వాసన, నది - ఉపనది (కృష్ణకు తుంగభద్ర, మూసీ, మున్నేరు), నగరం - ఉపనగరం, దేశం - విదేశం. ఇవి పట్టుబడ్డాక 'హారం' చూపించి, ఉపసర్గ అర్థాన్ని ఎంత దూరం లాక్కుపోగలదో చెప్పండి.

పిల్లలు తప్పక చేసే తప్పు ఒకటుంది. మొదటి అక్షరం కలిస్తే చాలు, ఉపసర్గ అనేస్తారు: సు+త్తి, ఆ+వు, ని+ప్పు. పరీక్ష తేలిక. ముందు ముక్క తీసేశాక మిగిలింది మాటగా నిలబడుతుందా? ఇంకో మాటలో కనిపిస్తుందా? 'త్తి' ఎక్కడా లేదు. 'చారం' విడిగా లేకపోయినా ప్రచారం, ఆచారం, సంచారం, విచారంలో ఉంది.

అ, అన్ అనేవి వ్యాకరణం లెక్కన ఉపసర్గలు కావు, 'కాదు, లేదు' అని చెప్పేవి. హల్లు ముందు అ: న్యాయం - అన్యాయం, సత్యం - అసత్యం. అచ్చు ముందు అన్: ఆరోగ్యం - అనారోగ్యం, అవసరం - అనవసరం. ఈ వరసలో పిల్లలు 'అనుమానం'ను కూడా విరవబోతారు, అది అను+మానం. పరాయి మాటల్లోనూ ఇలాంటివి ఉన్నాయి: హాజరుకు ముందు గైర్ చేరితే గైర్‌హాజరు.

అసలు లాభం రాతలో కనిపిస్తుంది. ప్రకాశం బ్యారేజిలో ఉన్న ప్రకాశం (టంగుటూరి ప్రకాశం పంతులు పేరు), ఆకాశం, అవకాశం - మూడింటిలోనూ ఉన్నది ఒకే 'కాశం'. ఒక్కదానిలో శ అని గుర్తుంటే మిగతా రెండూ ఊరికే వస్తాయి. ఇంకా మంచి ఉదాహరణ 'మానం'. ఉపమానం, అనుమానంలో న. ప్రమాణం, పరిమాణం, నిర్మాణంలో ణ. ఎందుకు? ప్ర, పరి, నిర్‌లలో ర ఉంది, అది వెనక న ను ణ చేసింది. పైన చెప్పిన నియమమే ఇక్కడ ఉపసర్గ రూపంలో వచ్చింది. ప్రణామం, పరిణామం, నిర్ణయం కూడా ఇంతే.

ఉత్ తన పక్క అక్షరాన్ని బట్టి మారుతుంది. ఉత్+చారణ ఉచ్చారణ అవుతుంది, రెండూ చ లే, ఛ కు తావు లేదు. ఉత్+దేశం ఉద్దేశం, దాని కింద య ఒత్తు పెట్టి 'ఉద్దేశ్యం' అనడం పత్రికల్లోనూ కనిపించే పొరపాటు. నిస్ కూడా ఇలాంటిదే: చ ముందు నిశ్చయం, శ ముందు నిశ్శబ్దం, క ముందు నిష్కారణం, త ముందు నిస్తేజం, భ ముందు నిర్భయం. ఒక కార్డు మీద 'నిస్' అని రాసి, పక్కన అక్షరాల కార్డులు మారుస్తూ పలికించండి. నోరే జవాబు చెబుతుంది.

ఐదో పని: సర్వనామాలు

ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లల తెలుగు రాతలో ఎక్కువగా కనిపించేది సర్వనామాల అతివాడకం. "నేను ఉదయం లేచాను. నేను పళ్ళు తోముకున్నాను. నేను బడికి వెళ్ళాను." తప్పు లేదు, కానీ తెలుగులా లేదు. 'లేచాను'లోని 'ను' ఎవరో చెప్పేసింది. మొదటి నేను ఉంచి మిగతావి కొట్టేయించండి. దీనివల్ల క్రియ చివర అక్షరం మీద కన్ను పడుతుంది: నేను -ను, నువ్వు -వు, వాడు -డు, ఆమె, అది -ది, మీరు, వారు -రు, అవి -యి.

రెండోది మేము, మనం. వింటున్న మనిషి కూడా ఆ పనిలో ఉంటే మనం, లేకపోతే మేము. తరగతిలో "మనం రేపు ఉండవల్లి గుహలకు వెళ్తున్నాం", ఇంటికెళ్ళి నాయనమ్మతో "మేము ఉండవల్లి గుహలకు వెళ్ళొచ్చాం". ఇంగ్లీషులో రెండింటికీ ఒకే మాట కాబట్టి పిల్లలు అన్నిచోట్లా మేము రాస్తారు. పది వాక్యాలిచ్చి, "ఎవరితో అంటున్నావు?" అని ప్రతిదానికీ అడగండి.

మర్యాద మెట్లు నల్లబల్ల మీద నిచ్చెనలా గీయండి: వాడు, అతను, ఆయన, వారు. ఇంకో పక్క అది, ఆమె, ఆవిడ, వారు. తమ్ముడు వాడు, కొత్త కుర్రవాడు అతను, మాస్టారు ఆయన. చెల్లెల్ని ఇంట్లో 'అది వచ్చింది' అంటారు, రాతలో ఆమె అనో తను అనో రాయమనండి. 'టీచరు గారు వచ్చింది' అని రాస్తే కర్తలో గారు ఉంది, క్రియలో లేదు అని చూపించండి.

విభక్తి చేరితే రూపం మారుతుంది, ఇక్కడ అక్షరదోషాలు కూడా వస్తాయి. నేను - నన్ను, నాకు. మేము - మమ్మల్ని, మాకు. మనం - మనల్ని, మనకు. మీరు - మిమ్మల్ని, మీకు. అది - దాన్ని, దానికి. అవి - వాటిని, వాటికి. 'అవిని', 'అదికి', 'మమ్మలని' అనేవి మూడో తరగతి దాకా వస్తాయి. పట్టిక బట్టీ వేయించేకన్నా, "పెన్సిలు నాకు ఇవ్వు", "దాన్ని వాడికి ఇవ్వు" అంటూ వస్తువులు చేతులు మార్పిస్తే త్వరగా నిలుస్తుంది.

ఇది-అది-ఏది, ఇవి-అవి-ఏవి, ఇక్కడ-అక్కడ-ఎక్కడ, ఇంత-అంత-ఎంత. ప్రశ్నలో ఏది, ఏవి దీర్ఘం, ఎవరు, ఎక్కడ, ఎంత హ్రస్వం. ఈ తేడా పిల్లలకు చెప్పకపోతే 'ఏవరు', 'ఎది' వస్తాయి.

ఐదో తరగతికి ఈ పేరా ఇచ్చి, పదేపదే వచ్చిన పేర్లు తగ్గించి రాయమనండి:

"లక్ష్మి గుంటూరులో ఉంటుంది. లక్ష్మి ఐదో తరగతి చదువుతోంది. లక్ష్మి తమ్ముడి పేరు సీను. లక్ష్మి సీనుకు లెక్కలు చెబుతుంది. లక్ష్మి, సీను కలిసి లక్ష్మి, సీనుల అమ్మమ్మ ఇంటికి తెనాలి వెళ్ళారు."

మంచి జవాబు: "లక్ష్మి గుంటూరులో ఉంటుంది. ఐదో తరగతి చదువుతోంది. ఆమె తమ్ముడి పేరు సీను. వాడికి లెక్కలు చెబుతుంది. ఇద్దరూ కలిసి తమ అమ్మమ్మ ఇంటికి తెనాలి వెళ్ళారు." రెండు చోట్ల సర్వనామమే అక్కర్లేకపోయింది. తమ బదులు వాళ్ళ అని రాసినా సరే. 'తన' ఎవరిదో మాత్రం తేల్చాలి. "రవి సురేషుతో తన పుస్తకం పోయిందని చెప్పాడు" అంటే పోయింది రవి పుస్తకం. సురేషుది అయితే 'అతని పుస్తకం' అనాలి.

వారం ఎలా నడవాలి

సోమవారం 8 కొత్త మాటలు, వాటి సంచులు. మంగళవారం అవే మాటలు చూసి, మూసి, రాసి, సరిచూసుకోవడం, మాటకు 3 సార్లు మాత్రమే. బుధవారం ఉపసర్గలు లేదా తద్భవాలు. గురువారం సర్వనామాలు. శుక్రవారం డిక్టేషన్: ఈ వారం 8 మాటలు, పోయిన వారంలో తప్పినవి 4, మొత్తం 12. శనివారం బడి ఉంటే బోర్డులు, ఫ్లెక్సీలు.

తప్పుల పుస్తకంలో మూడు గళ్ళు: రాసింది, సరైనది, ఎందుకు. మూడో గడే ముఖ్యం. "ప్ర ఉంది కాబట్టి ణ", "ఇంటి మాట, ఒత్తు లేదు", "హ పైన" - ఇలా మూడు నాలుగు మాటల్లో పిల్లే రాయాలి. నియమం లేని మాటైతే "గుర్తుంచుకోవాలి" అని రాస్తే చాలు. తప్పిన మాటను ఆ రోజు, మర్నాడు, మూడో రోజు, వారం తర్వాత ఒక్కోసారి రాయించండి. మొత్తం నాలుగైదు సార్లే, కానీ ఎడం ఎడంగా.

ఫోనులో తెలుగు టైపు చేయడం తప్పనిసరి అయిపోయింది. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే ఫోను తనే ణ, ళ పెట్టేస్తుంది, పిల్లలకు ఆలోచించే పని ఉండదు. తెలుగు మీటలతో కొట్టించండి, లేదా డిక్టేషన్ రోజున ఫోను పక్కన పెట్టించండి. అనుమానం వస్తే ఆంధ్రభారతి అనే ఆన్‌లైన్ నిఘంటువులో వెతకడం ఐదో తరగతికి అలవాటు చేయవచ్చు.

ఆరు వారాల తర్వాత మొదట చెప్పిన 20 మాటలే మళ్ళీ చెప్పి, ఆ ఆరు గళ్ళ కాగితం పక్కన పెట్టి చూడండి. దీర్ఘం, మొదటి అచ్చు గళ్ళు దాదాపు ఖాళీ కావాలి. ణ, శ-ష గళ్ళు సగమైతే బాగా నడిచినట్టే. ఎవరైనా పిల్ల నల్లబల్ల మీది అక్షరాలు చూసి రాసేటప్పుడే ఒత్తులు వదిలేస్తూ, నోటితో అడిగితే సరిగ్గా చెబుతుంటే, ముందు బెంచీలో కూర్చోబెట్టి రెండు రోజులు గమనించండి. తప్పులు తగ్గితే కళ్ళ డాక్టరుకు చూపించమని ఇంట్లో చెప్పండి.